గోదావరి జిల్లాల స్థానిక టీవీ వార్తలు: తెర మీది అక్షరాలు, మొదట్లో వచ్చే బాణీ

భీమవరం_రంగులు:

సభ్యులందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఒక వార్తా చానల్ గ్రాఫిక్స్ విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అటక మీద మా అక్క పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్ దొరికింది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే, పెళ్లి అయిపోయాక మిగిలిన టేపు మీద 1998 డిసెంబరు నాటి మా ఊరి కేబుల్ వార్తలు తొమ్మిది నిమిషాల పాటు కనిపించాయి. మా నాన్నగారు ధాన్యం కొనుగోళ్ల గురించి మాట్లాడిన ముక్క కోసం ఎవరో దాన్ని రికార్డు చేసి ఉంచారు.

ఆ వార్తల ఆరంభం పన్నెండు సెకన్లు. నీలం రంగు నేల, దాని మీద ధవళేశ్వరం ఆనకట్ట బొమ్మ, నల్లటి మందపాటి అంచు ఉన్న పసుపు అక్షరాలు. కీబోర్డు మీద వాయించిన ఒక చిన్న బాణీకి ముందు టముకు వేసినట్టు నాలుగు దెబ్బలు వినిపిస్తాయి. నేను రోజూ చేసే పని ఇదే కాబట్టి ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇరవై ఏడేళ్ల నాటి, రంగు కారిపోయిన ఆ టేపు మీద రైతుల పేర్లు నాకు గది అవతలి నుంచి కూడా చదవగలిగేలా కనిపించాయి. నేను ఇప్పుడు తెర మీద మనుషుల పేర్లు చూపడానికి తయారుచేసే పట్టీల్లోని పేర్లను మా అమ్మ అదే దూరం నుంచి చదవలేకపోతోంది. ఆనాడు ఈ పని చేసినవారు, చూసినవారు ఈ వేదికలో ఉంటే, ఆ రూపం ఎందుకు అలా వచ్చిందో, ఎందుకు పోయిందో రాయవలసిందిగా కోరుతున్నాను.

కంట్రోల్‌రూమ్_రాజోలు:

తమ్ముడూ, ఆ పసుపు అక్షరాలు మేము అందం కోసం ఎంచుకున్నవి కావు. వీహెచ్‌ఎస్ టేపు వెలుతురును కొంత మెరుగ్గా నిలుపుకొంటుంది కానీ రంగును చాలా తక్కువ స్పష్టతతో దాచుకుంటుంది, అందులోనూ ఎరుపు పక్కకు కారిపోతుంది. ఎర్ర అక్షరాలు వేస్తే 'ప' ఏదో 'వ' ఏదో తెలిసేది కాదు. నీలం మీద పసుపు గానీ తెలుపు గానీ వేసి చుట్టూ నలుపు గీస్తే, వెలుతురులోని తేడా వల్ల అక్షరం నిలిచేది. అది కూడా మొదటి కాపీలో.

మా బులెటిన్ రోజూ సాయంత్రం రికార్డయ్యేది. దాని నుంచి నాలుగైదు కాపీలు తీసి, పక్క ఊళ్ల కంట్రోల్ రూములకు బస్సు కండక్టర్ల చేతికిచ్చి పంపేవాళ్లం. కొన్ని ఊళ్లలో ఆ కాపీ నుంచే మరో కాపీ తీసుకునేవారు. కాపీ కాపీకీ బొమ్మలో చుక్కల గింజ పెరుగుతుంది, అంచు మెత్తబడుతుంది. ఆ పైన కేబుల్ తీగ. మా ఊరి చివరి ఇంటికి చేరేలోపు సిగ్నల్ ఎన్నో యాంప్లిఫయర్లు దాటవలసి వచ్చేది, సిగ్నల్ బలం పెంచే ప్రతి యాంప్లిఫయరూ బొమ్మతో పాటు తెర మీది తెల్ల చుక్కల మంచునూ పెంచేది. కొబ్బరి మట్ట పడి తీగ సాగిన చోట ఇంకా మసకగా వచ్చేది. కాబట్టి పట్టీ తయారుచేశాక మేము చూసుకున్నది ఒక్కటే: కాలువ అవతల ఆఖరి కనెక్షన్ ఉన్న ఇంట్లో ఇది చదవడానికి వస్తుందా? రాకపోతే మర్నాడు అక్షరం పెంచేవాళ్లం.

తెర అడుగున సన్నని పట్టీ మేము పెట్టేవాళ్లం కాదు. పాత టీవీల గాజు చుట్టూ చట్రం కిందికి బొమ్మ అంచులు వెళ్లిపోయేవి, ఒక్కో కంపెనీ టీవీలో ఒక్కో రకంగా. అందుకని అక్షరాలన్నీ తెర లోపలికి జరిపి పెట్టేవాళ్లం. మీ క్యాసెట్‌లో పట్టీ మరీ పైన ఉన్నట్టు కనిపించడానికి కారణం అదే.

డీటీపీ_తణుకు:

రాజోలు అన్నగారు చెప్పినది యంత్రం సంగతి. నేను అక్షరం సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ రోజుల్లో పగలు ప్రెస్సులో శుభలేఖలు కూర్చి, సాయంత్రం ఆరు గంటలకు కేబుల్ ఆఫీసులో కూర్చుని వార్తల పట్టీలు కూర్చిన వాళ్లలో నేనూ ఒకడిని. మా పట్టణంలో తెలుగు టైపింగ్ వచ్చినవారు ప్రెస్సుల్లోనే ఉండేవారు కాబట్టి, టీవీ తెర మీదికి వచ్చిన తొలి స్థానిక తెలుగు అక్షరాలు శుభలేఖల అక్షరాలే. అను ఫాంట్లలోని ప్రియాంక బోల్డ్‌ను ఎన్ని వందల సార్లు వాడానో చెప్పలేను.

ఇంగ్లీషు పట్టీ నమూనాను తీసుకుని అందులో తెలుగు వేస్తే కుదరదన్నది నేను మొదటి వారంలోనే నేర్చుకున్నాను. రోమన్ అక్షరానికి కిందికి దిగే తోకలు కొన్నే ఉంటాయి. తెలుగులో పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు, ఆ ఒత్తు పక్కన మళ్లీ కొమ్ము. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి ఎంత ఎత్తు కావాలో చూడండి. పట్టీ ఎత్తు సరిపోక కింద కోసుకుపోతే పోయేది అందం ఒక్కటే కాదు. 'గట్టుకు గండి' అన్నది 'గటుకు గండి' అవుతుంది. 'కొత్త పేట' అన్నచోట ఒత్తు పోతే ఊరి పేరే మారిపోతుంది. తలకట్టుది మరొక చిక్కు. ఆనాటి టీవీ బొమ్మ గీతల మీద నడిచేది. కనిపించే 576 గీతలను సరి, బేసి అని రెండుగా విడగొట్టి సెకనుకు యాభై సార్లు ఒకదాని తరువాత ఒకటి వేసేవారు. ఒకే గీత మందం ఉన్న సన్నని అడ్డగీత అందులో వణుకుతూ కనిపిస్తుంది. మన సన్నరకం ఫాంట్లలో తలకట్టు సరిగ్గా అలాంటి గీతే. బోల్డ్ వాడింది అందుకే.

ఇంకొకటి. అప్పటి ఫాంట్లు ఇప్పుడు ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ నడిచే యూనికోడ్ పద్ధతికి సంబంధించినవి కావు, ముక్కలు ముక్కలుగా అక్షరాన్ని అతికించేవి. వీడియో సాఫ్ట్‌వేర్లకు చాలాకాలం పాటు గుణింతాలూ ఒత్తులూ సరిగా కూర్చడం రాలేదు. అందువల్ల మేము పేరును ఫొటోషాప్‌లో బొమ్మగా చేసి వీడియో మీద అంటించేవాళ్లం. తప్పు దొర్లితే అక్షరం దిద్దడం కాదు, బొమ్మంతా మళ్లీ చేయాలి. ఆ కష్టం వల్ల మేము తక్కువ మాటలు రాయడం నేర్చుకున్నాం. ఒక పట్టీలో ఐదు మాటలు మించనిచ్చేవాళ్లం కాదు.

గట్టుమీది_మాస్టారు:

చర్చ చక్కగా సాగుతున్నది. దీనికి ముందు నుంచీ ఉన్న ఒక వరుసను కూడా గుర్తుచేయడం అవసరమని భావించి రాస్తున్నాను. మా ఇంట్లో వార్తలకు ముందు ఒక స్వరం వినిపించాలన్న అలవాటు రేడియోతో ఏర్పడింది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. ప్రసారాలు ఆరంభమయ్యే వేళ వినిపించే ఆకాశవాణి బాణీని 1936లో వాల్టర్ కాఫ్‌మన్ అనే సంగీతజ్ఞుడు కూర్చారు, దానిలో శివరంజని రాగ ఛాయ ఉన్నది. దూరదర్శన్‌కు 1976లో పండిట్ రవిశంకర్ బాణీ వచ్చింది, కన్ను ఆకారంలోని చిహ్నాన్ని అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు చెందిన దేవాశిష్ భట్టాచార్య గీశారు. హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. 1983లో తెలుగు వార్తలు వచ్చినప్పుడు శాంతిస్వరూప్ గారు తొలి వార్తా చదువరి అయ్యారు. ఆ వార్తల్లో తెర మీద అక్షరం తక్కువ, మాట ఎక్కువ. చదివేవారి ఉచ్చారణే ఆ కార్యక్రమానికి అలంకారం. నేను తరగతిలో పిల్లలకు శ, ష, స తేడా చెప్పడానికి ఆయన వార్తలు వినమనేవాడిని.

1995 ఆగస్టు 27న ఈటీవీ వచ్చాక తెలుగు వార్తకు రంగూ వేగమూ వచ్చాయి. అయినా అవి రాష్ట్రమంతటికీ ఒకే వార్తలు. మా లంకల్లో ఏ రేవు ఆగిందో, ఏ కాలువకు నీరు ఎప్పుడు వదులుతారో చెప్పినది కేబుల్ వార్తలే. వాటికి ముందు ఈ పనిని టముకు చేసేది. ఊళ్లో టముకు వేసేవాడు వీధి మొగలో నిలబడి ముందు దెబ్బలు కొట్టేవాడు, నలుగురూ బయటికి వచ్చేదాకా ఆగి, అప్పుడు మాట చెప్పేవాడు. మీ క్యాసెట్‌లోని నాలుగు దెబ్బలు నాకు ఆ ఆగడాన్నే గుర్తుచేస్తున్నాయి. ఆ బాణీ కట్టినవారెవరో తెలిస్తే బాగుండును.

కీబోర్డు_కాకినాడ:

మాస్టారికి నమస్కారం. భీమవరం క్యాసెట్‌లోని బాణీ నాది కాదు కానీ, అదే కాలంలో కోనసీమలోనూ కాకినాడలోనూ మూడు కేబుల్ వార్తలకు నేను బాణీలు కట్టాను. చాలామంది సినిమా నేపథ్య సంగీతంలోంచో విదేశీ క్యాసెట్లలోంచో ఒక ముక్క తీసి వాడుకునేవారు, అది దాచవలసిన సంగతి కాదు. సొంతంగా కట్టించుకున్నవారు కొద్దిమంది.

నాకు పని అప్పగించినవారు చెప్పిన షరతు ఒక్కటి: వంటింట్లో ఉన్న మనిషికి ఇది మన ఊరి వార్తలని తెలియాలి. అప్పట్లో వార్తల బాణీ అంటే బాకాలూ డ్రమ్ములూ అనే భావన ఉండేది. అమెరికాలో ఎన్‌బీసీ వార్తలకు 1985లో జాన్ విలియమ్స్ కట్టినది అటువంటి నిండు వాద్యబృందపు సంగీతం. నా దగ్గర ఉన్నది ఒక కేసియో కీబోర్డు. దాని మీద బాకా శబ్దం బొమ్మ బాకాలా ఉండేది. అందుకని బాకా వదిలేసి, మా వైపు ఊరేగింపుల్లో వినిపించే తాషా డప్పు నడకను డ్రమ్ము మీటల మీద వాయించి, దానిపై నాదస్వరం పలుకుబడికి దగ్గరగా ఉన్న స్వరంతో మోహన రాగంలో 'గ ప ద స' అని ఎక్కి, 'స ద ప గ రి' అని దిగి, రిషభం మీద నిలిపేశాను. రాగానికి ఆధారమైన షడ్జమానికి (స) చేర్చలేదు. బాణీ పూర్తయినట్టు అనిపిస్తే విన్నవారు తిరిగి తమ పనిలో పడతారు. పూర్తికాకుండా నిలిస్తే తరువాత ఏమిటని చూస్తారు. చదివే అమ్మాయి 'నమస్కారం' అనే మాటకు నేను ఆ షడ్జమాన్ని కింద మెల్లగా వినిపించేవాడిని.

బీబీసీ వార్తలకు 1999లో డేవిడ్ లో అనే సంగీతకారుడు కట్టిన సంగీతం విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేనిది. రేడియోలో గంట కొట్టే 'పిప్' శబ్దాలనే ఆయన తాళంగా తీసుకున్నారు. ఆ దేశపు శ్రోత చెవిలో దశాబ్దాలుగా ఉన్న శబ్దం అది. మనకు టముకు అటువంటిది. ఫిలడెల్ఫియాలో డబ్ల్యుపివిఐ అనే స్థానిక స్టేషన్ 1972 నుంచి ఒకే వార్తా బాణీని వాడుతున్నది. 1996లో దాన్ని పెద్ద వాద్యబృందంతో కొత్తగా వాయించి వినిపిస్తే ప్రేక్షకులు ఒప్పుకోక, కొద్దిరోజుల్లోనే పాతదాన్ని తిరిగి పెట్టించుకున్నారు. ఊరివాళ్లు ఒక బాణీని తమదనుకుంటే అంత పట్టుదల చూపుతారు. మా బాణీలను మార్చినప్పుడు ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఏదీ రెండేళ్లకు మించి ఉంచలేదు.

లంక_ఆడపడుచు:

నేను ఈ వేదికలో చదవడమే కానీ రాయడం తక్కువ. మా పుట్టిల్లు పి.గన్నవరం దగ్గర లంక గ్రామం, ప్రస్తుతం రాజమహేంద్రవరంలో ఉంటున్నాను. మీరంతా అక్షరం, సంగీతం అని మాట్లాడుతుంటే నాకు 2022 జూలై గుర్తుకొచ్చి రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆ నెలలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో 75.6 అడుగులు వచ్చిన తరువాత అంతటి వరద అదే. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా అమ్మానాన్నలు లంకలో ఉన్నారు. లంకవాళ్లకు వరద అంటే అంకె. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఏ అంకెకు ఏ కాజ్‌వే (ఏటి పాయ మీది ఎత్తు తక్కువ దారి) మునుగుతుందో, ఏ అంకెకు పశువులను గట్టు ఎక్కించాలో మా అమ్మకు తెలుసు. ఆ రాత్రి నేను వరుసగా చానళ్లు తిప్పాను. ప్రతి చానల్‌లోనూ తెరంతా ఎరుపు, అగ్గిలాంటి అంచులు, అంబులెన్స్ కూతలాంటి శబ్దం, 'మహోగ్ర గోదావరి' అన్న మాట తెర సగానికి. అడుగు ఎంత, ఏ గంటకు తీసిన లెక్క అన్నది కింద పరుగెత్తే వరుసలో సినిమా వార్తకూ బంగారం ధరకూ మధ్య ఒక్కసారి వచ్చిపోయింది. ఫోనులో మా అమ్మ 'ఎన్ని అడుగులంటున్నారే?' అని అడుగుతుంటే నేను ఆ అంకె మళ్లీ వచ్చేదాకా నిలబడి చూశాను. అంతకు వారం ముందు ఒక నటుడి ఇంటి పెళ్లికి కూడా అదే ఎరుపు, అదే కూత వేశారు. వరదకూ పెళ్లికీ ఒకే శబ్దం వినిపిస్తే, మా అమ్మ ఏ శబ్దానికి లేవాలి? ఇది నేను కోపంతో రాయడం లేదు, బాధతో రాస్తున్నాను.

భీమవరం_రంగులు:

అక్కా, మీరు రాసినది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ వారంలో నేను డ్యూటీలో ఉన్నాను. అటువంటి ప్లేట్లు, అంటే తెర మీద వేసే ఆ అక్షరాల బొమ్మలు, నేనే చేశాను.

ఎందుకు అలా జరుగుతుందో చెప్పడం నా బాధ్యత. 2003 చివరిలో ఈటీవీ2, 2004లో టీవీ9 వచ్చాయి. 2007లో ఎన్‌టీవీ, టీవీ5, 2009లో సాక్షి, ఏబీఎన్, హెచ్‌ఎంటీవీ వచ్చాయి. ఆరేళ్లలో ఇన్ని వార్తా చానళ్లు ఒకే రిమోట్‌లో పక్కపక్కన చేరాయి. చానళ్లు తిప్పే మనిషి ఒక్కో దానిమీద ఆగేది రెండు మూడు సెకన్లు. ఆ రెండు సెకన్లలో వేలు ఆపించాలంటే ఎరుపు, కదలిక, శబ్దం కావాలన్నది అందరూ ఒకేసారి పట్టుకున్న సూత్రం. టేపు పోయి డిజిటల్ రావడంతో ఎరుపు కారిపోవడం అనే అడ్డంకి కూడా తొలగింది. మేము పేర్ల పట్టీని 'ఆస్టన్' అంటాం. అది బ్రిటన్‌లో పట్టీలు వేసే యంత్రాలు చేసిన కంపెనీ పేరు. అమెరికాలో అదే పట్టీని మరో కంపెనీ పేరుతో 'కైరాన్' అంటారు. పేరుతో పాటు పట్టీ కొలత కూడా బయటినుంచే వచ్చింది. తణుకు అన్నగారు చెప్పిన ఒత్తుల ఎత్తును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ముందే చేసి ఉంచిన నమూనా పట్టీలో (టెంప్లేట్‌లో) అక్షరం పట్టకపోతే అక్షరాన్నే చిన్నది చేస్తాం. పైగా అడుగున నిరంతరం పరుగెత్తే వరుస 2001 సెప్టెంబరు 11 తరువాత అమెరికా వార్తా చానళ్లలో స్థిరపడింది. మనం దాన్ని తీసుకుని ఒకటికి రెండు వరుసలు చేశాం. ప్లేట్ మీద ఏముండాలో వార్తలు సేకరించే ఇన్‌పుట్ డెస్క్ చెబుతుంది, మేము రెండు నిమిషాల్లో ఇవ్వాలి. నీటిమట్టానికి ప్రత్యేకమైన ప్లేట్ ముందే సిద్ధంగా ఉంటే ఆ రెండు నిమిషాల్లో అదే వాడేవాళ్లం. అది లేదు. ఉండవలసింది.

కంట్రోల్‌రూమ్_రాజోలు:

పాతదంతా బంగారమని ఎవరూ అనుకోకూడదు. మా రోజుల్లో పట్టీల్లో పేర్లు తప్పుగా పడ్డాయి, ఇతరుల పాటలు అడక్కుండా వాడుకున్నాం, ప్రకటన ఇచ్చిన బట్టల కొట్టు పేరు వార్త కంటే పెద్దగా వేశాం. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో మా తీగలన్నీ నేలమీద పడ్డాయి. కరెంటు రావడానికే చాలా రోజులు పట్టింది. ఆ అవసరమైన సమయంలో మేము ఒక్క మాటా చెప్పలేకపోయాం, రేడియో ఒక్కటే పలికింది. తరువాత తీగ కట్టుకున్నాక నెల రోజుల పాటు సంగీతం తీసేసి, నష్టపరిహారం జాబితాలు, బియ్యం పంచే చోట్లు తెల్లటి అక్షరాలతో నిలువుగా నడిపించాం. జనం కాగితం, కలం పట్టుకుని టీవీ ముందు కూర్చుని రాసుకున్నారు. నేను ఆ పనిలో చేసినవాటిలో నాకు తృప్తినిచ్చినది అదే.

మా బులెటిన్ ఆగిపోయింది డిజిటల్ మార్పుతో. 2011లో కేబుల్ చట్టాన్ని సవరించాక, చిన్న పట్టణాలకూ పల్లెలకూ గడువులు 2015 చివరికీ 2017కీ మధ్య వచ్చాయి. సెట్‌టాప్ పెట్టెలు వచ్చాక సిగ్నల్ పెద్ద కంపెనీల నుంచి రావడం మొదలైంది, అందులో మా చానల్‌కు చోటు కావాలంటే అద్దె కట్టాలి. మేము కట్టలేకపోయాం.

పాలకొల్లు_ఫోన్‌వార్తలు:

నేను మా పట్టణం వార్తలను యూట్యూబ్‌లో నడుపుతున్నాను. ఇద్దరమే పనిచేస్తాం. మొదట్లో ఒక సినిమా బాణీ వాడితే హక్కుల ఫిర్యాదు వచ్చి వీడియోలు ఆగిపోయాయి. అప్పటి నుంచి ఉచితంగా దొరికే సంగీతం వాడుతున్నాను. అయితే తాడేపల్లిగూడెంలో ఒకరూ, తునిలో ఒకరూ అదే ముక్కను వాడుతున్నారని ఈమధ్యనే తెలిసింది. కాకినాడ మాస్టారూ, ఒక చిన్న బాణీ కట్టించుకోవాలంటే ఏమి కావాలి? తణుకు అన్నగారూ, నిలువు ఫోన్ తెరకు మీ ఐదు మాటల నియమం పనికొస్తుందా?

డీటీపీ_తణుకు:

ఫోన్‌కు మూడు మాటలు, రెండు వరుసలు. వరుసల మధ్య ఒక ఒత్తు పట్టేంత ఖాళీ ఉంచండి. ఇప్పుడు యూనికోడ్‌లో రామభద్ర వంటి మందమైన ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, వాటితో మొదలుపెట్టండి. అక్షరం వెనుక కదిలే మెరుపులు పెట్టవద్దు. నెట్ నెమ్మదిగా ఉన్నచోట వీడియో నాణ్యత తగ్గగానే ముందుగా గళ్లుగళ్లుగా విరిగేవి అవే, వాటితో పాటు అక్షరం అంచునూ తినేస్తాయి.

కీబోర్డు_కాకినాడ:

బాణీకి కావలసింది ఒక తాషా వాయించే మనిషి, ఒక ఫోన్. మీ ఊరి జాతరలో వారి వాయింపు ముప్పై సెకన్లు రికార్డు చేసి, వారి అనుమతి తీసుకుని, వారికి తగిన డబ్బు ఇచ్చి నాకు పంపండి. పైన స్వరం నేను వాయిస్తాను. ఒకే బాణీని మూడు పొడవుల్లో ఇస్తాను: ఆరంభానికి ఎనిమిది సెకన్లు, వార్తకూ వార్తకూ మధ్య రెండు సెకన్లు, ముఖ్యాంశాల కింద నడవడానికి తాళం మాత్రమే. వరద హెచ్చరికకు నాలుగోది వేరుగా ఇస్తాను, అందులో టముకు దెబ్బలు తప్ప ఇంకేమీ ఉండవు. దాన్ని మరే వార్తకూ వాడనని మీరు ఇక్కడ అందరి ముందూ మాట ఇవ్వాలి.

పాలకొల్లు_ఫోన్‌వార్తలు:

మాట ఇస్తున్నాను.

భీమవరం_రంగులు:

ఆదివారం సెలవు పెట్టుకుని నీటిమట్టం ప్లేట్ ఒకటి తయారుచేశాను. ముదురు నీలం నేల మీద తెర ఎత్తులో మూడో వంతు ఉండే అంకె, దాని కింద 'ధవళేశ్వరం, అడుగులు', ఆ కింద లెక్క తీసిన గంట. కుడివైపు నిలువు కొలబద్ద మీద 11.75, 13.75, 17.75 గుర్తులు, నీరు ఎంతవరకు వచ్చిందో తెల్లటి గీత, అది పెరుగుతున్నదా తగ్గుతున్నదా చెప్పే ఒక బాణం. ఎరుపు ఎక్కడా లేదు. మా చానల్‌లో పైవారికి చూపించాను, వానాకాలానికి ముందు చూద్దామన్నారు. ఆ లోగా ఎవరైనా వాడుకోవడానికి వీలుగా ఫైలును ఇక్కడ పెడుతున్నాను. అక్కా, వీలైతే లంకలో మీ అమ్మగారికి చూపించి చెప్పండి.

లంక_ఆడపడుచు:

నిన్న వెళ్లి చూపించాను. ఫోన్‌ను టీవీకి కలిపి, మా అమ్మను వసారాలో మంచం మీద కూర్చోబెట్టాను. అంకె వెంటనే చదివింది. బాణం ఎటు చూపుతున్నదో చెప్పింది. గంట చదవలేకపోయింది, దాన్ని ఇంకొంచెం పెద్దది చేయండి. 'మూడో హెచ్చరిక' అన్నచోట చ కింది ఒత్తు అడుగు పట్టీలో కలిసిపోయి 'హెచరిక' అని కనిపిస్తోంది, ఆ పట్టీని కాస్త కిందికి జరపండి. కొలబద్ద మీద మా కాజ్‌వే మునిగే గుర్తు కూడా పెట్టడానికి వీలవుతుందా అని అడుగుతోంది. ఆ అంకె ఎంతో తనకు తెలుసునట, చెబితే రాసుకుంటారా అంటోంది.